నిమ్మగడ్డి నూనె, శుక్రవారం కూడిక

మొన్న మా అబ్బాయి వాళ్ళింటికి వెళితే, హాల్లో టీవీ పక్కన చెంబు లాంటి చిన్న యంత్రమొకటి కూర్చుని, ఉడుకుతున్న అన్నంలా తెల్లగా ఆవిరి వదులుతోంది. నేను అలవాటు కొద్దీ వంటింట్లోకి వెళ్ళి స్టవ్ కట్టేసి వచ్చాను. ఆవిరి ఆగలేదు. కోడలు నవ్వి, అది నిమ్మగడ్డి నూనె అత్తయ్యా, ఇంటికి సహజమైన పరిమళం, ఒత్తిడి కూడా తగ్గుతుంది అంటూ వేలెడంత సీసా తెచ్చి నా చేతిలో పెట్టింది. మూత తీసి వాసన చూశాను. ఒత్తిడి సంగతి తెలియదు గాని, నాకు నలభై ఏళ్ళు మాత్రం తగ్గాయి.

ఎనభైల్లో మాట. ట్రైనింగ్ అయి, పక్కూరి ఎలిమెంటరీ స్కూల్లో టీచరుగా చేరి ఆరు నెలలైంది నాకు. మా ఇల్లు ఊరి చివర, మిరప కల్లాలకు ఆనుకుని ఉండేది. కోసిన కాయల్ని ఎండబోసే ఆ కల్లాలు దూరం నుంచి చూస్తే ఎర్ర తివాచీలా ఎంతో అందంగా ఉంటాయి. దగ్గర్నుంచి ఎలా ఉంటాయో కళ్ళు తెరవగలిగిన వాళ్ళెవరైనా చెప్పాలి. ఫిబ్రవరి మొదలు ఏప్రిల్ దాకా మా ఇంటిల్లిపాదికీ కళ్ళలో నీళ్ళు తిరుగుతూనే ఉండేవి, ఏ దుఃఖమూ లేకుండా.

మా నాయనమ్మ ఆ కల్లాల్లోనే కూర్చుని యాభై ఏళ్ళు మిరపకాయల తొడిమలు తీసింది. మా చర్చి సంఘంలో కీర్తన ఎత్తుకోవాలంటే ఆవిడే ఎత్తుకోవాలి, అక్షరం రాకపోయినా పాటలన్నీ నోటికే వచ్చు. తుంటి విరిగి మంచాన పడ్డాక చర్చికి వెళ్ళే దారి లేక, గోడవైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టింది. అది చూసి మా పాస్టరుగారు, ఆయన్ని అందరం అయ్యగారనే పిలిచేవాళ్ళం, శుక్రవారం సాయంత్రం జరిగే ప్రార్థన కూడికను మా ఇంటికి మార్చారు. ఆ మర్నాటి నుంచి ఆవిడకి వారంలో ఒకటే రోజు. మిగతా ఆరూ దానికోసం ఎదురుచూడటానికి.

చిక్కల్లా మిరప సీజన్లో వచ్చింది. మొదటి చరణం బాగానే సాగేది. రెండో చరణంలో ఎవరో ఒకరు దగ్గేవారు, ఆ దగ్గును పక్కవాళ్ళు అందుకునేవారు, కాసేపటికి పాట మానేసి అందరూ ఒకే శృతిలో దగ్గేవారు. ఆఖరి చరణం విని ఎన్నాళ్ళయిందే, దాన్ని దేవుడు కూడా మర్చిపోయుంటాడు అని నాయనమ్మ గొణుక్కునేది.

చివరికి ఒకరోజు మా పెద్దమ్మ, అంటే నాన్నగారి అన్నగారి భార్య, కూడిక తమ ఇంట్లో పెట్టుకుందామంది. వాళ్ళది గచ్చు చేసిన ఇల్లు, పైన తిరిగే ఫ్యాను కూడా ఉంది. ఆవిడ చెడ్డదేం కాదు, అందరికంటే ఎక్కువ దగ్గేది ఆవిడే. అయ్యగారు ఆలోచించి, ఇంకో రెండు శుక్రవారాలు చూద్దామన్నారు. కూడిక మారినా నాయనమ్మను మంచంతో సహా అక్కడికి తీసుకెళ్ళవచ్చు కదా అని అమ్మ అంటే, నాయనమ్మ ఒప్పుకోలేదు.

"మంచం మీద నలుగురు మోసుకెళ్ళేది ఒక్కసారే. దానికింకా టైముంది."

అమ్మ దీన్ని తన ఇంటికి జరిగిన అవమానంగా తీసుకుంది. అగరొత్తులు వెలిగిద్దామంటే అవి పూజకు వాడేవని మావాళ్ళు ఇంట్లోకి రానివ్వరు, సాంబ్రాణి మాటెత్తితే అసలే ఊరుకోరు. అప్పుడు నీలగిరి తైలం చల్లుదామన్న గొప్ప ఆలోచన నాదే. కర్టెన్లకీ, చాపలకీ, గుమ్మానికీ ధారాళంగా చల్లాం. అయ్యగారు గుమ్మంలో అడుగు పెట్టగానే ఆగిపోయారు.

"ఎవరికమ్మా జ్వరం?"

మేం నోరు తెరిచేలోపే ఆయన మోకరించి రోగుల కోసం ప్రార్థన మొదలుపెట్టారు. ఆయన కళ్ళు తుడుచుకున్నారు, పెద్దమ్మ ఏకంగా వెక్కిళ్ళు పెట్టింది. నాయనమ్మ ఒక కన్ను తెరిచి నన్ను దగ్గరికి పిలిచి, "నేను పోతున్నానా ఏందే? నాకు చెప్పరేం?" అని చెవిలో అడిగింది. ప్రార్థన అయ్యాక కీర్తన మొదలైంది. రెండో చరణంలో దగ్గూ మొదలైంది.

ఇంక ఒక్క శుక్రవారం మిగిలింది. ఆ మధ్యలో సెలవు చూసుకుని గుంటూరు బస్సెక్కి, అత్తర్లమ్మే కొట్టు వెతుక్కుంటూ వెళ్ళాను. కొట్లో ముసలి సాయిబుగారు నా కథంతా డాక్టరులా విని, ఒక్కో అత్తరూ నా మణికట్టుకి రాసి చూపించారు. ఏది వాసన చూసినా పెళ్ళివారిల్లే గుర్తొచ్చింది. అప్పుడాయన కింది అరలోంచి ఏ సోకూ లేని సీసా తీసి, నిమ్మగడ్డి నూనె అని చెప్పి, దూది మీద నాలుగు చుక్కలు చాలమ్మా, వచ్చినవాళ్ళకి ఇల్లు గుర్తుండాలి గాని నూనె కాదు అన్నారు.

పత్తి పండే నేల మాది, దూదికేం లోటు. కిటికీ ఊచలకీ, తలుపు వెనకా, నాయనమ్మ తలగడ పక్కనా నూనె చుక్కలేసిన దూది ఉంచాం. ఇల్లంతా కడిగి, నడుమ వేడినీళ్ళ మూకుడు పెట్టి అందులోనూ రెండు చుక్కలు వేశాం. సాయంత్రానికి ఇల్లు అప్పుడే వాన వెలిసినట్టుంది. అమ్మ ఉతికిన చీర కట్టుకుని గుమ్మంలో నిలబడింది.

జనం వచ్చారు, కూర్చున్నారు, పాట ఎత్తుకున్నారు. ఈసారి దగ్గు రెండో చరణం దాకా కూడా ఆగలేదు.

అమ్మ ముఖం చూడలేకపోయాను. అప్పుడు మంచం మీంచి నాయనమ్మ గొంతు ఖంగుమంది.

"ఒసేయ్, ఆగండే! దగ్గేది ఇల్లా, మీరా? పొద్దుట్నుంచీ కల్లంలో కూచుని, ఆ కోకల్తో ఆ చేతుల్తో తిన్నగా వచ్చి ఇంటినంటారేందే! యాభై ఏళ్ళు నేనూ అట్టాగే వచ్చి మీ అమ్మల్ని దగ్గించాను. లేవండి, పోయి కడుక్కోండి!"

నిజమే. పని దిగి ఇంటికి వెళ్ళే వ్యవధి లేక అందరూ కల్లంలోంచే వచ్చేవారు, మిరప కోరంతా, ఆ ఘాటు దుమ్మంతా, వాళ్ళ కొంగుల్లోనే ఉండేది. మిగతా ఆరు రోజులూ మా ఇంట్లో ఎవరూ అలా దగ్గేవారు కాదన్న సంగతి, పిల్లలకి సైన్సు చెప్పే నాకు తట్టలేదు.

అమ్మ గంగాళంతో నీళ్ళు వాకిట్లో పెట్టింది. నిమ్మగడ్డి నూనె వేస్తే నీళ్ళ మీద తేలుతూ కూర్చుంది. దాన్ని దారికి తేవడానికి నాయనమ్మ తలంటుకని తీసి ఉంచిన కుంకుడు రసంలో గిలక్కొట్టి పోయాల్సి వచ్చింది. ఒక్కొక్కరే కొంగులు దులుపుకుని, ముఖాలు, మోచేతులు, కాళ్ళు కడుక్కున్నారు. ఏ కల్లానికీ వెళ్ళని అయ్యగారు కూడా కాళ్ళు కడుక్కుని, ఆ రోజుకి సిద్ధం చేసుకొచ్చిన ప్రసంగం పక్కన పెట్టి, ప్రభువు శిష్యుల పాదాలు కడిగిన ఘట్టమే చెబుతానన్నారు. చివరగా పెద్దమ్మ కడుక్కుంటూ తనే నవ్వేసింది.

"మా ఇంట్లో అయితే ఈ కోరుని ఫ్యాను ఇంకా బాగా తిప్పేది!"

మళ్ళీ మొదటి నుంచీ పాడారు. రెండు, మూడు, నాలుగు చరణాలు దాటాయి. అయిదోది, ఆఖరిది వచ్చేసరికి అందరూ తెలియక ఆగిపోయారు. అది నాయనమ్మకి తప్ప ఎవరికీ రాదు. ఆవిడ ఒక పాదం పాడి, రెండో పాదం దగ్గర మర్చిపోయింది. కళ్ళు మూసుకుని వెతుక్కుంటోంది. అందించడానికి ఎవరికీ తెలియదు. ఎవరూ కదల్లేదు, ఎవరూ దగ్గలేదు. గంగాళంలో ఎవరో వదిలిన చెంబు అంచుకి తగిలి టింగుమంటోంది, అంతే. చాలాసేపటికి ఆవిడ పెదాలు కదిలాయి, మాట దొరికింది. ఆయాసపడుతూ చివరిదాకా పాడింది, మేం ఆవిడ వెనకే నడిచాం.

కూడిక మా ఇల్లు వదిలి వెళ్ళలేదు. నాయనమ్మ ఇంకో రెండు వేసవులు ఆఖరి చరణం దాకా విన్నది.

ఇప్పుడు మా చర్చిలో పెద్ద తెర కట్టారు. చరణాలన్నీ వరసగా దాని మీద వస్తాయి, అక్షరాలు పెద్దవి, నాలాంటి వాళ్ళకి కూడా బాగా కనిపిస్తాయి. ఎవరూ మర్చిపోరు, కాబట్టి ఎవరికోసమూ ఎవరూ ఆగక్కర్లేదు. మంచిదే. నాకే ఎందుకో ఆఖరి చరణం దగ్గరికి వచ్చేసరికి కాసేపు ఆగాలనిపిస్తుంది. ఆగితే, పాట నన్ను వదిలేసి వెళ్ళిపోతుంది.