అమ్మ పడుకున్న ముందుగది

మా నాన్న బతికున్నన్నాళ్ళూ దెయ్యం కథలు చెప్పేవాళ్ళని మా అరుగు మీద కూర్చోనిచ్చేవాడు కాదు. ఆయన సైన్సు మాస్టారు. నేనూ ఆయన కూతుర్నే. టెక్కలిలో ఓ ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం. కంటికి కనిపించనిదాన్ని నమ్మే అలవాటు నాకు ఏనాడూ లేదు. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా చెప్పను. జరిగింది జరిగినట్టు చెప్తాను, అంతే.

రెండేళ్ళ కిందట, దసరాకి కొద్ది రోజుల ముందు అమ్మకి గర్భసంచి తీసేశారు. పెద్ద కోత. మా ఊరు ఉద్దానంలో సముద్రం వైపు ఉంది. ఆ గతుకుల రోడ్డు మీద అప్పుడే తీసుకెళ్ళొద్దని, కుట్లు మానేదాకా ఆసుపత్రికి దగ్గర్లోనే ఉంచమని డాక్టరమ్మ చెప్పింది. అందుకని పలాసలో ఓ ఇంటి కింది వాటా అద్దెకి తీసుకున్నాం. మెట్లు లేవు. కొత్తగా రంగులు వేసి ఉంది. వెలుతురు బాగా వచ్చే ముందుగదిలో అమ్మకి మంచం వేశాం. ఓనరమ్మ, ఆవిడ భర్త పై వాటాలో ఉంటారు. మంచి మనుషులు.

నేను సెలవు పెట్టి అమ్మ దగ్గరే ఉన్నాను. మా ఆయన ఆఫీసు అయ్యాక వచ్చి ఓ గంట కూర్చుని వెళ్ళేవాడు. అలా వచ్చి వెళ్ళిన ఓ సాయంత్రం అమ్మ నన్ను దగ్గరికి పిలిచింది.

“ఒలే, మీ ఆయన్ని ఈ గదిలోకి రానీకు. ఇందులోకొస్తే ఆ బాబు కళ్ళు మారిపోతన్నాయి.”

మత్తుమందులు ఇంకా దిగలేదనుకున్నాను. సరేనని దుప్పటి కప్పాను.

పండగ ముందురోజు మా ఆయన దోమతెర కట్టడానికి ఆ గదిలోకి వెళ్ళాడు. అమ్మ అప్పుడు పెరట్లో ఉంది, నేను స్నానం చేయిస్తున్నాను. మేం తిరిగొచ్చేసరికి దోమతెర నేల మీద ఉంది. చిరిగిపోవడం కాదు, పీలికలు పీలికలు చేసి ఉంది. మా ఆయన గుమ్మం బయట నిలబడి చేతులు చూసుకుంటున్నాడు. తాడు కోసుకుని వేళ్ళ నుంచి రక్తం వస్తోంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన గొంతు పెంచి మాట్లాడ్డం నేను వినలేదు.

“ఏమో, దాని మీద కోపం వచ్చింది,” అన్నాడు. కాసేపటికి తనే నవ్వాడు. నేనూ నవ్వాను.

పండగ రోజు పొద్దున్నే మా తమ్ముడు జోగారావు, వాడి భార్య పార్వతి ఊరి నుంచి వచ్చారు. అమ్మ లేకుండా పండగేంటని, వంట సామానూ మామిడాకులూ కొబ్బరిబొండాలూ అన్నీ ఆటోలో వేసుకొచ్చారు. తమ్ముడిది కొబ్బరితోట, జీడితోట. కత్తి పట్టని రోజు ఉండదు వాడికి. కానీ ఇంటికి చుట్టాలొచ్చి కోడిని కోయాల్సి వస్తే పక్కింటివాణ్ణి పిలిచేవాడు. అంత మెత్తని మనిషి.

ఆయుధపూజ అయింది. బళ్ళకీ, కుట్టుమిషనుకీ, తమ్ముడి కొబ్బరికత్తికీ బొట్లు పెట్టాం. చాలా రోజులకి ఇంట్లో నవ్వులు వినబడ్డాయి. అమ్మ కొత్త పసుపుచీర కట్టించుకుని దిండుకి ఆనుకుని కూర్చుంది. పార్వతీ నేనూ వంటింట్లో గారెలు వేస్తున్నాం. తమ్ముడు బొండం, కత్తి పట్టుకుని అమ్మ గదిలోకి వెళ్ళాడు. ఎదురుగా కొట్టి ఇస్తే తాజాగా తాగుతుందని.

కత్తి దెబ్బ వినిపించింది. ఇంకోటి. బొండం కొట్టడానికి ఎన్ని దెబ్బలు కావాలో తోటల్లో పెరిగినవాళ్ళకి తెలుసు. పార్వతి చెయ్యి ఆగింది. దెబ్బలు ఆగలేదు. చెక్క మీద పడుతున్న చప్పుడు.

పరిగెత్తాం. తమ్ముడు మోకాళ్ళ మీద కూర్చుని అమ్మ మంచం కోడుని నరుకుతున్నాడు. అరుపు లేదు, మాట లేదు. కోపంగా కూడా లేడు. పని చేసుకుంటున్నవాడిలా ఉన్నాడు. అమ్మ గోడకి అంటుకుపోయి రెండు చేతులతో పొట్ట పట్టుకుంది.

“ఏటి సేత్తన్నావు! అత్తమ్మ ఉందక్కడ!” అంటూ పార్వతి వాడి భుజం పట్టుకుంది.

వాడు లేచి ఒక్క విసురు విసిరాడు. ఆమె తల కిటికీ అంచుకి తగిలిన చప్పుడు నాకిప్పటికీ వినిపిస్తుంది. నుదురు చీలిపోయి ముఖమంతా రక్తం. నేను వెనక నుంచి వాడి మెడ పట్టుకుని వేలాడాను. మోచేత్తో నా పక్కటెముకల మీద పొడిచాడు. ఊపిరి అందక కింద పడ్డాను. వాడు మళ్ళీ మంచం వైపు తిరిగాడు. కత్తి ఈసారి కోడు ఎత్తున లేదు. అమ్మ ఎత్తున ఉంది.

మా ఆయన గుమ్మం దాకా వచ్చాడు.

“నువ్వు రాకు బాబూ! నీ కాలు ఇటు పెట్టకు!” అని అమ్మ కేక పెట్టింది.

ఆ మాటతోనే మంచం దిగింది. పక్కకి తిరగాలంటే నా చెయ్యి కావాల్సిన మనిషి. రెండు చేతులూ తమ్ముడి ఛాతీ మీద వేసి నెట్టింది. వాడు కత్తి ఎత్తాడు. కత్తి వెనక్కి వెళ్ళి తలుపుచెక్కలో దిగింది. అమ్మ వాణ్ణి నెడుతూనే ఉంది. పసుపుచీర పొట్ట దగ్గర ఎర్రబడుతోంది. ఇద్దరూ గుమ్మం దాటి వరండాలో పడ్డారు.

గుమ్మం దాటగానే వాడి ఒళ్ళు వదులైపోయింది. చుట్టూ చూశాడు.

“అప్పా, ఏటయింది? అమ్మకి రగతమేటి? పార్వతేదీ?” అని నన్నే అడిగాడు. నటన కాదు. వాణ్ణి నేను ఎత్తుకుని పెంచాను, నాకు తెలుసు.

అమ్మకి కుట్లు విడిపోయాయి. మళ్ళీ కుట్టారు. కాలు జారి పడిందని చెప్పాం. పార్వతి నుదుటికీ అదే అబద్ధం. డాక్టరమ్మ నమ్మలేదు, కానీ ఇంకేం అడగలేదు. ఆ సాయంత్రమే ఇల్లు ఖాళీ చేశాం. సామాను, కబురందుకుని వచ్చిన పార్వతి అక్కచెల్లెళ్ళూ నేనూ మోశాం. మగవాళ్ళని లోపలికి రానివ్వలేదు. ఎందుకని ఒక్కళ్ళూ అడగలేదు.

తర్వాత ఓనరమ్మని అడిగాను. ఆ గదిలో చావులు గానీ గొడవలు గానీ ఏమీ లేవట. తామే కట్టించారట. ఆవిడ కళ్ళలో అబద్ధం కనిపించలేదు. తమ్ముణ్ణి విశాఖపట్నం తీసుకెళ్ళి తలకి స్కానింగులు తీయించాం. ఏ లోపమూ లేదన్నారు. మా ఆయన మాత్రం ఆ దోమతెర గురించి ఈనాటి దాకా నోరెత్తడు.

పార్వతి కొన్నాళ్ళు సంతబొమ్మాళిలో పుట్టింట్లో ఉండి, పెద్దలు చెప్పగా తిరిగొచ్చింది. వాడు ఆమె మీద మళ్ళీ చెయ్యెత్తలేదు. అయినా వాడు పక్కన నిలబడితే ఆమె గోడ వైపు జరుగుతుంది. వాడు అది చూసి తలదించుకుని తోటకి వెళ్ళిపోతాడు.

మొన్న వెళ్ళినప్పుడు పార్వతి నన్ను పెరట్లోకి తీసుకెళ్ళింది.

“వదినా, ఒక్క మాట సెప్పు. అది గదిలో ఉన్నదా, మీ తమ్ముడిలో ఉన్నదా?”

గదిలో ఉందంటే నాన్న నేర్పినదంతా అబద్ధం. తమ్ముడిలో ఉందంటే ఆమె అక్కడ కాపురం చెయ్యకూడదు.

“అమ్మని అడుగు. ముందు నుంచీ చూసింది అమ్మే కదా,” అన్నాను.

“అడిగినాను. నాను లోపలికి రాకముందు ఆయనేటో అన్నాడట. ఏటన్నాడంటే సెప్పదు, ఏడుత్తాది.”

నేనూ అమ్మని అడిగాను, చాలాసార్లు. చెప్పలేదు. వాడేమన్నాడో నాకు తెలీదు. ఆ గదిలో ఏముందో తెలీదు. పార్వతికి ఏం జవాబు చెప్పాలో అసలే తెలీదు.