పాస్టరమ్మ లేని ఆటలు

మా ఊరి పాస్టరమ్మ పోయిందని ఫోన్ వచ్చినప్పుడు నేను గుంటూరు పక్క మిరపచేలో ఉన్నాను. మా ఊరు సగం అక్కడే ఉంది. గోనెగండ్ల అవతల మా ఊళ్లో ఈసారి వానల్లేక ఇళ్లకు తాళాలేసుకుని వలస వచ్చేశాం. బస్సులు మారి చేరేసరికి పెట్టె మూసేశారు. ఆమె ముఖం కూడా నాకు దక్కలేదు.

మీరు ఆమెను ఎరగరు. ఎండాకాలం మా ఊళ్లో ఆడపిల్లల కబడ్డీ పోటీలు జరిగేవంటే అది ఆమె చలవే. చుట్టుపక్కల జిల్లాల నుంచి, కర్ణాటక నుంచి కూడా జట్లు వచ్చేవి. ఇంతమందిని ఎక్కడ పడుకోబెట్టాలని మొదటి ఏడు మేం తలలు పట్టుకుంటే, చర్చి తాళంచెవి తెచ్చి మా ముందు పెట్టింది.

"దేవునికి ఆదివారం సాలప్పా. మిగతా దినాలు పిల్లోల్లు పండుకోనీ" అంది.

ఊరికి ఎడంగా ఉన్న మా పేటలో ఆడవాళ్లు ఎసట్లో బియ్యం పోసేముందు పిడికెడు తీసి పక్కన పెడతారు. ఆదివారం చర్చికి తెస్తారు. అది పాస్టరు ఇంటి తిండి. పాస్టరుగారు పోయాక ఆమెకు అదే ఆధారం. అందులోనే సగం డ్రమ్ములో పోసి ఆటల కోసం దాచేది. చర్చి వంట అనగానే ఊరిపెద్దలు కొందరు ముఖం ముడుచుకున్నారు. ఆమె గరిటె పట్టుకునే నవ్వింది.

"తినేది అన్నమప్పా, మా దేవున్ని కాదు. ఆకలైతే రాండి, లేకుంటే ఊకుండండి."

మధ్యాహ్నానికి వాళ్లూ వచ్చారు. ఊరూ పేటా ఒకే బంతిలో కూర్చుని తిన్నది ఆ ఆటలప్పుడే. మరెప్పుడూ నేను చూడలేదు.

ఓడిన జట్టుకే ముందు వడ్డించేది. గీరుకుపోయిన మోకాళ్లకు తనే పసుపు రాసేది. సాయంత్రం ప్రార్థన మధ్యలో మైదానం నుంచి కూత వినపడిందంటే మా పాస్టరమ్మకు ఆమెన్ తొందరగా వచ్చేసేది.

వలస పోయేముందు, ఈ ఏడు ఆటలు వద్దులెమ్మా అన్నాం. వినలేదు.

"ఒకసారి ఇంకో ఊరికి పోతే ఆటలు మల్లా మనకు రావు. ఊరోల్లంతా ఒకతావ కూసునేది అదొకటే గదప్పా. మీరు పోయి పని సూసుకోని రాండి" అంది.

పిడికెడు తీసే చేతులన్నీ మిరపచేలల్లో ఉంటే ఆమె ఏం తిన్నదో తెలియదు. ఆటల బియ్యం డ్రమ్ము మాత్రం ముట్టకుండా మూత దాకా నిండి ఉంది. పెట్టె మోసినవాళ్లు బరువే లేదన్నారు. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఆమె మీద కూడా వచ్చింది.

భూస్థాపనకు వచ్చినవాళ్లకు ఆ బియ్యమే వండి పెట్టాం. వేరే గింజ లేదు. డ్రమ్ము ఖాళీ అయిపోయింది. పోటీలు ఇక జరగవని అక్కడే అనుకున్నాం. జట్లకు ఫోన్ చేయడం ఎప్పుడూ ఆమె పనే. అది మాకెంత అలవాటైపోయిందంటే, ఆమెను మట్టిలో పెట్టి వచ్చాక కూడా ఆ ఫోన్ ఆమే చేస్తుందన్నట్టు ఊరుకున్నాం.

చాలా జట్లకు ఆ నోటా ఈ నోటా తెలిసింది. కౌతాళం పిల్లలకు తెలియలేదు. ఆటలు మొదలవ్వాల్సిన పొద్దున ఎమ్మిగనూరు బస్సు దిగి, బ్యాగులతో నేరుగా చర్చి దగ్గరికి వచ్చారు. తాళం చూసి జట్టు పెద్దపిల్ల నన్నడిగింది.

"అన్నా, అమ్మగారు యాడ? సద్ది కట్టుకోవద్దు, ఈడికొచ్చి తిందురు అని సెప్పినారే?"

చెప్పాను. ఎవరూ ఏడవలేదు. నేను చెప్పింది వాళ్లకింకా ఎక్కినట్టు లేదు. తిరుగు బస్సు మధ్యాహ్నం గాని లేదు. ఊళ్లో అంగడి కూడా మూసే ఉంది. పిల్లలు ఒక్కొక్కరే మెట్ల మీద కూర్చుని బ్యాగులు ఒళ్లో పెట్టుకున్నారు. నేను బిందెడు నీళ్లు తెచ్చి పెట్టాను. వాళ్లు గ్లాసు చేతులు మార్చుకుంటూ ఆ నీళ్లే తాగారు.