మా పిల్లల భాషలో నా పేరు

ఒకరోజు పొద్దున దోసెల దగ్గర మా కవలలు పోట్లాడుకుంటున్నారు. ఒకమ్మాయి చెయ్యి ఊపుతూ ఏదో పొడుగ్గా చెప్పింది. రెండోది తల అడ్డంగా ఊపి అంతకంటే పొడుగ్గా జవాబిచ్చింది. ఒక మాట దగ్గర ఇద్దరూ ఆగి, ఒకరి మొహం ఒకరు చూసుకొని పగలబడి నవ్వారు. దోసె సగం నేల మీద పడింది. ఆ నవ్వు దేనికో నాకు తెలియదు. కన్నతండ్రిని, ఎదురుగా కూర్చున్నాను, ఒక్క ముక్క అర్థం కాలేదు.

వాళ్లకప్పుడు మూడేళ్లు దాటాయి. తెలుగు గానీ ఇంగ్లీషు గానీ నోట రాలేదు. మంచినీళ్లు కావాలంటే ‘బూకి’ అనేవారు, తలుపు తీయాలంటే ‘లాల్లా’ అనేవారు. ఇద్దరూ ఒకరినొకరు ఒకే పేరుతో పిలుచుకునేవారు. అది వాళ్లకి ఏమీ ఇబ్బంది కాలేదు. ఇబ్బందంతా మాకే.

మధురవాడలో మా అపార్ట్‌మెంట్ పక్కనున్న ప్లేస్కూల్ టీచరు మర్యాదగానే చెప్పింది. “పిల్లలు చురుగ్గా ఉన్నారు సార్. కానీ మూల కూర్చొని వాళ్లలో వాళ్లే మాట్లాడుకుంటారు. ఒకసారి స్పీచ్ థెరపిస్టుకి చూపించండి.”

స్కూలు సంగతి ఎలాగైనా చూసుకోవచ్చు. నాకు కావలసింది నా పిల్లలు నాతో మాట్లాడటం. ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విడుస్తుంటే ఎవరో ఒకరు ఏదో ఒకటి అడగాలి. నేను వస్తే ఇద్దరూ గొంతు తగ్గించేవారు. ఆ చిరాకు నా భార్య మీద, మా అమ్మ మీద, ఫోన్‌లో వచ్చే రైమ్స్ మీద చూపించాను. ఎవరి మీద చూపించాలో ఇప్పుడైతే తెలుసు.

మాది ఇదే ఊళ్లో, పోర్టు పక్కన మల్కాపురం. నాన్న పోర్టులో సరుకులు ఎత్తే కళాసీగా పనిచేసేవాడు. మా వీధిలో అందరిలాగే నేనూ ‘నాను’ అనేవాణ్ణి, ‘ఏటి’ అనేవాణ్ణి. ఇంజనీరింగ్‌కి గుంటూరు వైపు వెళ్లాక, మెస్‌లో నేను నోరు తెరిస్తే బల్లంతా నవ్వేది. సినిమాల్లో మా యాసని పనివాళ్లకీ హాస్యగాళ్లకీ ఇస్తారు కదా, మెస్‌లోవాళ్లకి నేను ఆ వేషంలోనే కనబడ్డాను. కోర్సు సగం అయ్యేసరికి యాస వదిలించుకున్నాను. ఎంత శుభ్రంగా వదిలించుకున్నానంటే, ఆఫీసులో ఎవరైనా ‘మీది కృష్ణా జిల్లానా?’ అంటే కాదనకుండా నవ్వి ఊరుకునేవాణ్ణి.

నా పిల్లలకి ఆ అవమానం ఉండకూడదనుకున్నాను. అందుకని ఇంట్లో ఒక చట్టం పెట్టాను. పిల్లల ముందు మన మాట వద్దు, మంచి తెలుగు మాట్లాడాలి, లేదా ఇంగ్లీషు.

పిల్లల్ని చూసుకోవడానికి అమ్మ మల్కాపురం నుంచి వచ్చింది. అమ్మ మాటకారి. కుళాయి దగ్గర బిందె నిండి పొర్లిపోతున్నా ఆమె కబురు పూర్తయ్యేది కాదు. పిల్లల్ని కాళ్ల మీద వేసుకొని స్నానం చేయిస్తూ, “ఏటే నా తల్లే, అలగ సూత్తన్నావ్? నీళ్లు సల్లగున్నాయేటి?” అని మొదలుపెట్టేది.

నేను పక్క గదిలోంచి “అమ్మా” అనేవాణ్ణి. “ఏమిటి అను. చల్లగా అను.”

“అదేలేరా. ఏమిటి తల్లీ, నీళ్లు చ... చల్లగా ఉన్నాయా” అని బడిపిల్లలా అప్పజెప్పేది. మరుసటి మాటకే మళ్లీ జారేది. కొన్నాళ్లకి సరిదిద్దడం కూడా నాకు విసుగైంది. వేలు పెదాల మీద పెట్టి ‘ష్ష్’ అంటే చాలు, అమ్మ ఆగిపోయేది. ఇంకొన్నాళ్లకి ఆమె మాట్లాడటమే తగ్గించింది. గిన్నె చూపించేది, తువ్వాలు చూపించేది, చెయ్యి పట్టి లాగేది.

నా భార్యది పెందుర్తి దగ్గర వ్యవసాయ కుటుంబం. ఆమెదీ మా యాసే, ఆమెకీ అదే చట్టం. ఇంగ్లీషు పని ఆమెకి అప్పగించాను. ‘ఈట్’, ‘కమ్’, ‘నో’లతో ఏ తల్లి ఎంతసేపని మాట్లాడుతుంది? ఇల్లు నిశ్శబ్దమైంది. ఒక పద్ధతిలో పడిందని నేను సంతోషించాను.

ఆదివారాలు నా భార్య అన్నయ్య వచ్చేవాడు. పోర్టులో క్రేన్ ఆపరేటరు. పిల్లల మాట విని ఒకరోజు పడీపడీ నవ్వాడు.

“ఏటి బావా, సైనా బాస మాటాడతన్నారు? ఓడలోంచి దించుకొచ్చినావేటి?”

“బావా, పిల్లల ముందు కొంచెం...”

“కొంచెం ఏటి?”

“కొంచెం మంచి తెలుగు.”

బావ మా అమ్మ వైపు చూశాడు. అమ్మ గోడ వైపు చూసింది. “అత్తా, ఇది ఇల్లా, లైబ్రరీయా? నోపలికి రాడానికి కార్డేటైనా ఉండాలా?” అన్నాడు. టీ తాగి వెళ్లిపోయాడు. ఆ తరువాత రావడం మానేశాడు.

థెరపిస్టు దగ్గరికి అందరం వెళ్లాం. వినికిడిలో లోపం లేదని తేలింది. ఆవిడ పిల్లలతో పాటు నేల మీద కూర్చొని బొమ్మలు చూపిస్తూ, వాళ్ల మాటలు వింటూ చాలాసేపు గడిపింది. తరువాత నన్ను చూపించి “ఎవరు?” అని అడిగింది.

ఇద్దరూ ఒకేసారి వేలు పెదాల మీద పెట్టి “ష్ష్” అన్నారు.

తనని మాట్లాడవద్దంటున్నారనుకొని ఆవిడ ఆగింది. కాసేపటికి మళ్లీ నన్ను చూపించింది. మళ్లీ అదే.

“అది ఆయన పేరండి,” అంది నా భార్య.

థెరపిస్టు నా వైపు చూడకుండా మా అమ్మని అడిగింది. “పగలంతా పిల్లలతో మీరే ఉంటారు కదమ్మా. ఏం మాట్లాడతారు వాళ్లతో?”

“రంగులు, జంతువుల పేర్లు, అన్నీ చెబుతుందండి,” అన్నాను.

“నేను ఆవిడని అడిగాను.”

అమ్మ చీర కొంగు సర్దుకుంది. “నాను మాటాడనమ్మా,” అంది. “నా మాట మంచిది కాదు.”

థెరపిస్టు పెద్ద ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. కవలలకి ఇలా సొంత మాటలు పుట్టడం వింత కాదంది. చుట్టూ మాట వినబడకపోతే అవి ఇంకా ముదురుతాయంది. ఎవరికి ఏ మాట హాయిగా వస్తే ఆ మాటలో, ఆపకుండా మాట్లాడమంది.

దారిలో నా భార్యని అడిగాను. “ఆ పేరు సంగతి నీకు ఎప్పటినుంచి తెలుసు?”

“నడక నేర్సినప్పటినుంచి.”

“నాకెందుకు చెప్పలేదు?”

“సెప్దారనుకున్నానండి. ఏ తెలుగులో సెప్పాలో తెలక మానీసినాను.”

ఆ మాటకి వెనక సీట్లో అమ్మ నవ్వింది. చాలా రోజుల తరువాత విన్నాను ఆ నవ్వు. అదే అదను అనుకొని, “అమ్మా, ఇంక నీ ఇష్టం వచ్చినట్టు మాట్లాడు” అన్నాను.

“ఇప్పుడు మాటాడమంటే ఎక్కడినుండి వత్తాదిరా? కుళాయేటి, తిప్పడానికి?”

నిజంగానే రాలేదు. నేను ఇంట్లో ఉంటే అమ్మ నోరు విప్పేది కాదు. బతిమాలాను, కసిరాను. మాట్లాడమని కసిరితే ఎవరు మాట్లాడతారు? చివరికి బావకి ఫోన్ చేసి రమ్మన్నాను. “కార్డు ఇప్పించినావేటి?” అన్నాడు. రెండుసార్లు నాచేత తప్పయిందనిపించుకున్నాక పీతలు పట్టుకొని వచ్చాడు. పులుసులో చింతపండు ఎంత వెయ్యాలన్న దాని మీద వంటింట్లో అతనికీ అమ్మకీ గొడవ పడింది. అమ్మ గొంతు కింద వాచ్‌మన్ గదిదాకా వినబడి ఉంటుంది. పిల్లలిద్దరూ గుమ్మం పట్టుకొని, నోళ్లు తెరుచుకొని చూశారు.

అప్పటినుంచి మాటలు మొదలయ్యాయి. ముందు ‘ఏటి’, తరువాత ‘నాకొద్దు’, తరువాత వరద. మా అమ్మతో, వాళ్ల తల్లితో, బావతో అన్నీ మాట్లాడేవారు. ‘బూకి’ పోయింది, ‘లాల్లా’ పోయింది. వినబడటం తగ్గాకగానీ వాళ్ల సొంత భాష విలువ నాకు తెలియలేదు. అందులో అలక ఉండేది, బేరం ఉండేది, ఎగతాళి ఉండేది. నేను ఇంట్లోంచి తీసేసినవన్నీ వాళ్లు అక్కడ దాచుకున్నారు.

కానీ నాతో మాత్రం మాట్లాడలేదు. నేను గదిలోకి వస్తే ఆట ఆగేది. ఏదైనా అడిగితే తలూపేవారు. వాళ్లతో మా యాసలో మాట్లాడి చూశాను. ఎవరినో వెక్కిరిస్తున్నట్టు వచ్చింది. మెస్‌లో నన్ను అనుకరించినవాళ్లు సరిగ్గా అలాగే మాట్లాడేవారు. సిగ్గేసి మానేశాను.

ఎండాకాలం వచ్చింది. మా అపార్ట్‌మెంట్ బోరు ఎండిపోతే ట్యాంకరు నీళ్లే గతి. ఆ నెల ట్యాంకరు తెప్పించే పని నా నెత్తిన పడింది. ఒక శనివారం ట్యాంకరు మా గేటు దాటి పక్క సందులోకి పోయి, వేరేవాళ్ల సంపులో నీళ్లు దించడం మొదలుపెట్టింది. బాల్కనీలోంచి చూస్తూ డ్రైవరుకి ఫోన్ చేశాను. “బాబూ, మీరు పొరపాటున...” అని మర్యాదగానే మొదలుపెట్టాను. “నువ్వు సెప్పిన కాడికే వచ్చినాను” అన్నాడు. మళ్లీ చెప్పాను. మళ్లీ అదే అన్నాడు. నాకు తిక్కరేగింది.

“ఒరే, ఏటి సేత్తన్నావ్ అక్కడ? నాను ఇక్కడ నిలబడి సూత్తన్నాను. ఆ సందులోకి ఏలెల్లినావ్? కళ్లేటి ఇంటికాడ ఒగ్గీసి వచ్చినావా?”

“ఊసు సరిగ్గా సెప్పనిది నువ్వు, మళ్లీ నన్నంటావేటి?”

నేను ఇంకో నాలుగు అన్నాను. అవి ఇక్కడ రాయలేను. సందు పేరు తప్పు చెప్పింది నేనేనని తరువాత తేలింది. సాయంత్రం డ్రైవరుకి ఫోన్ చేసి తప్పు ఒప్పుకుంటే, “పర్లేదులే బావా, ఎండ అలగుంది” అన్నాడు.

అప్పుడు మాత్రం తిట్టడం అయ్యాక ఫోన్ పెట్టి వెనక్కి తిరిగేసరికి పిల్లలిద్దరూ నా వెనకే నిలబడి ఉన్నారు.

“ఎవుల్ని తిడతన్నావ్?” అంది ఒకమ్మాయి.

“నీళ్ల బండోణ్ణి,” అన్నాను.

“ఏల?” అంది రెండోది.

“మన నీళ్లు పక్కోళ్లకి పోసీసినాడు.”

వాళ్లు రెయిలింగ్ కమ్మీల మధ్యనుంచి ట్యాంకరుని చూశారు. సంపులోకి నీళ్లు ధారగా పడుతున్నాయి.

“మరి మనకి లేవేటి?”

“లేవు.”

“ఇప్పుడేటి సేద్దారి?”

ఏం చేయాలో నాకూ తెలియదు. అయినా అక్కడే నేల మీద కూర్చొని, నోటికొచ్చిన మాటలో ఏదో ఒకటి చెప్పడం మొదలుపెట్టాను.