నానబెట్టిన క్లచ్ ప్లేట్లు

మర్నాడు పొద్దున సోలాపూర్‌లో మా చెల్లి సీమంతం. హైదరాబాద్ నుంచి బండి మీద వెళుతుంటే, చిరాగ్‌పల్లి దగ్గర ఇంజన్ అరుస్తోంది తప్ప బండి కదలడం లేదు. ఆటోకి కట్టి లాగించుకుని జహీరాబాద్‌లో ఓ మెకానిక్ షాపుకి చేరాను.

"క్లచ్ ప్లేట్లు కాలిపోయినయ్ సార్. కొత్తవి ఉన్నయ్ గని, రాత్రంత ఆయిల్‌ల నానాలె. రేపు బిగిస్త," అన్నాడు మెకానిక్.

తల పట్టుకున్నాను. పక్కన బల్ల మీద ఝరాసంగం నుంచి వచ్చిన ఒక పెద్దామె కూర్చుని ఉంది. పాలు మోసే కొడుకు బండి కోసం ఆమె నిన్ననే ప్లేట్లు నానబెట్టించిందట. నా తొందర దేనికో అడిగి తెలుసుకుంది.

"నాయి ఈ పిలగానికి బిగియ్యి. రెండు ఒక్క తీరు బండ్లే గద," అంది మెకానిక్‌తో.

"మరి మీ పాలు, పెద్దమ్మా?" అన్నాను.

"ఒక్క దినం ఆటోల పోతయ్. చెల్లె శ్రీమంతానికి అన్న లేకుంటె ఎట్ల బిడ్డా?"

మెకానిక్ ఆమె ప్లేట్లే నా బండికి బిగించాడు. బయల్దేరేటప్పుడు ఆమె నా పేరు అడగలేదు. చెల్లి పేరు అడిగి, ఆ పేరు పలికి దీవించింది.

మర్నాడు చెల్లి తల మీద అక్షింతలు రెండుసార్లు వేశాను. రెండోవి ఆమెవి.