టీబీ కాని దగ్గు

మా ఆయన ఈశాన్య రాష్ట్రాల కొండల్లో రోడ్డు పనికి జేసీబీ నడపడానికి వెళ్లి, రెండేళ్ల తర్వాత దగ్గుతో తిరిగొచ్చాడు. మాది మడకశిర దగ్గర పల్లె. పొద్దున లేస్తూనే దగ్గేవాడు. ఉమ్మితే తుప్పునీళ్ల రంగులో పడేది. దుమ్ములో పనిచేసిన దగ్గులే అనుకున్నాం. ఒకరోజు నెత్తురు కనబడితే ఆస్పత్రికి తీసుకెళ్లాను.

ఎక్స్‌రేలో కుడివైపు ఊపిరితిత్తిలో మచ్చ ఉంది. తెమడ మూడుసార్లు పరీక్ష చేసినా టీబీ క్రిమి దొరకలేదు. అయినా డాక్టరు, "ఈ దగ్గు, ఈ నెత్తురు, ఈ మచ్చ. ఇంకేముంటాదమ్మా? ఆర్నెల్లు మాత్రలు మింగల్ల, నడాన నిలపగూడదు" అన్నాడు. ఆయన్ను తప్పుపట్టను. మా వైపు అట్లా దగ్గేవాళ్లలో ఎక్కువమందికి అదే.

ఆర్నెల్లు ఒక్కరోజు తప్పలేదు. కూలికి పోయేముందు మాత్రలు మింగించి, నోరు తెరిపించి చూసి మరీ వెళ్లేదాన్ని. అన్నం చూస్తే ఆయనకు వాంతి వచ్చేది. మా అత్త తన కొడుకు మంచాన్ని గొర్రెల కొట్టం పక్కన రేకుల కిందికి మార్పించింది. నాయన దగ్గరికి పోవద్దని నాలుగేళ్ల కూతురికి నేనే నేర్పాను. మొదట్లో ఏడ్చేది. తర్వాత ఆయన పిలిచినా దూరం నుంచే బదులిచ్చేది.

దగ్గు తగ్గలేదు. మాత్రలు సరిగ్గా మింగలేదేమో అన్నారు ఆస్పత్రిలో. మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాం. ఆ రెండో విడతలో ఇద్దరం మాట్లాడుకోవడం కూడా తగ్గిపోయింది. ఒక మధ్యాహ్నం ఆయనే అన్నాడు:

"పాపను పిల్చుకోని మీ అమ్మోళ్లింటికి పో. నేను బతికేది లేదు."

"పోయేదానికి నాకు ఓపిక యాడుండాది?" అన్నాను. ధైర్యం చెప్పాలని కాదు. నిజంగానే ఓపిక లేదు.

మందులకు లొంగని టీబీయేమో చూడమని అనంతపురం పెద్దాస్పత్రికి పంపారు. అక్కడ ఒక డాక్టరమ్మ మా కాగితాలన్నీ తిరగేసి, "ఇంతకుముందు యాడ పని చేస్తాంటివప్పా?" అని అడిగింది. ఆయన చెప్పగానే కలం కింద పెట్టింది.

"ఆడ వాగుల్లో ఎండ్రకాయలు, అదే పీతలు, తిన్నావా?"

ఆయన నావైపు చూశాడు. "తిన్నా మేడం. క్యాంపులో వంట చేసేటాయన పట్టుకొచ్చి, ఉడకబెట్టకుండానే ఉప్పూ మిరపకాయా వేసి దంచుతాండె. రుచిగా ఉంటాదని అందరం తింటాంటిమి."

తెమడ మళ్లీ తీసుకున్నారు. రెండు గంటల తర్వాత ఆమె మమ్మల్ని పిలిచింది.

"టీబీ కాదు. పురుగు. పచ్చి ఎండ్రకాయల్లోంచి కడుపులోకి పోయి, ఊపిరితిత్తుల్లో చేరింది. దాని గుడ్లు తెమడలో కనబడినాయి. ఇది దగ్గితే ఒకరినుంచి ఒకరికి అంటేది కాదు."

"ఎన్ని నెలలు మింగల్ల మేడం?" అన్నాను.

"మూడు రోజులు."

నాకు సంతోషం రాలేదు, కోపమూ రాలేదు. వరండాలో గోడకు ఆనుకుని కూలబడ్డాను. ఆయన పక్కనే నిలబడి, "మూడు రోజులంట" అని తనలో తాను అంటూనే ఉన్నాడు. మందు పూర్తయ్యాక బస్సులో ఇంటికి వస్తూ ఆయన భుజం మీద తల పెట్టి నిద్రపోయాను. ఏడాది దాటింది ఆయన్ను అట్లా తాకి.

కొన్ని వారాల్లో దగ్గు తగ్గింది. మా అత్త ఎవరికీ చెప్పకుండా మంచాన్ని తనే ఈడ్చుకొచ్చి లోపల వేసింది. "నాకేం తెలుసురా నాయనా" అని మాత్రం అంది. పాప మాత్రం ఇప్పటికీ ఆయన పిలిస్తే గడప దగ్గర ఆగి నా మొహం చూస్తుంది. పొమ్మంటే రెండడుగులు వేసి కూర్చుంటుంది. ఆయన పాపను దగ్గరికి లాక్కోడు.

కొళాయి దగ్గర ఆడవాళ్లకు జరిగింది చెప్పాను. "టీబీ కాకుంటే అన్ని నెలలు మాత్రలెందుకిచ్చినారు?" అంది ఒకామె. "ఊపిరితిత్తుల్లో పురుగులంటే అది ఇంకా చెడ్డది కదమ్మా" అని ఇంకొకామె తన బిందె పక్కకు జరుపుకుంది. అంటేది కాదని ఆమెకు రెండుసార్లు చెప్పాను. తర్వాతి రోజూ ఆమె బిందె దూరంగానే పెట్టింది. ఇప్పుడు చెప్పడం మానేశాను. నా వంతు వస్తే నీళ్లు పట్టుకుని వచ్చేస్తాను.