దోస్తుల దగ్గరికి మూడు నెలలు

నేను రిటైరయిన వారానికే ఐర్లాండ్ నుంచి వీడియో కాల్ వచ్చింది. చిన్న తెరలో రెండు మొహాలు, చెంపకు చెంప ఆనించుకుని. ఇద్దరూ నర్సింగ్ స్కూల్లో నా రూమ్మేట్లు, ఇప్పుడు అక్కడ ఒకే ఊళ్ళో నర్సులు.

"ఇంక సాకులు చెప్పకు. మూడు నెలలు ఉండేటట్టు రావాలె. కాయితాలు మేం పంపుతం," అన్నది ఒకామె. రెండో ఆమె ఏడుస్తూనే నవ్వుతోంది.

పాతికేళ్ళ కింద ముగ్గురం కలిసే ఐర్లాండ్ ఉద్యోగాల ఇంటర్వ్యూకు వెళ్ళాం. ముగ్గురికీ ఉద్యోగం వచ్చింది. అప్పుడు నాకు అయిదో నెల, నేను ఆగిపోయాను. బేగంపేట ఎయిర్‌పోర్టులో వాళ్ళకు చెయ్యి ఊపి, మర్నాడు మామూలుగా తిరుమలగిరిలో డ్యూటీకి వెళ్ళాను. బాధపడ్డానా అంటే పడ్డాను. కానీ వార్డులో కూర్చుని బాధపడే తీరిక ఎవరికుంది?

ఈసారి ఆగదలచుకోలేదు. "నాకు ఆ చలి పడదు, నువ్వు పోయిరా," అన్నాడు మా ఆయన. ఒప్పుకోనిదల్లా వదినే. ఆమె మా ఆయనకు అక్క. డెబ్బై దాటాయి, బొల్లారంలో మాతోనే ఉంటుంది.

"బిడ్డ కాన్పుకు పోతరు, కొడుకింటికి పోతరు. దోస్తుల కోసం గంత దూరం ఎవలన్న పోతరా?" అని రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

వీసా ఆఫీసులోనూ అదే ప్రశ్న. "అక్కడ ఉండేది మీ అబ్బాయా మేడమ్, అమ్మాయా?" అనడిగింది కౌంటర్లో పిల్ల.

"ఇద్దరూ కాదమ్మా, నా దోస్తులు."

"చుట్టాలు కూడా కాదా?"

నేను ఫైల్లోంచి మా హాస్టల్ ఫోటో తీసి ముందు పెట్టాను. తెల్ల యూనిఫాంలో ముగ్గురం, ముగ్గురికీ ఒకే రకం రిబ్బన్లు. ఆ పిల్ల ఫోటోను దగ్గరికి లాక్కుని, "ఇందులో మీరెవరో నేను చెప్పనా?" అని వేరే ఆమెను చూపించింది. ఇద్దరం నవ్వుకున్నాం. ఫోటో అక్కర్లేదని తిరిగిచ్చి, మిగతా కాయితాలన్నీ తీసుకుంది.

పాస్‌పోర్టు కొరియర్లో వచ్చిన రోజు, లోపలికి వచ్చేదాకా ఆగలేక మెట్ల మీదే కవరు చింపాను. వీసా ఉంది. ఎంత గట్టిగా అరిచానో, పక్కింటావిడ ఏమయిందోనని పరుగెత్తుకొచ్చింది.

ఇక షాపింగ్ షురూ. ఒకామెకు సకినాలు కావాలట. ఇంకొకామెకు అరడజను కాటన్ నైటీలు, అన్నిటికీ జేబులుండాలి. "ఇక్కడ అన్నీ దొరుకుతయే, జేబున్న నైటీ దొరకదు," అని పెద్ద కష్టం చెప్పుకున్నట్టు చెప్పింది. జేబుల కోసం జనరల్ బజారంతా తిరిగాను.

అంతా బాగానే ఉందనుకుంటుండగా దోస్తుల్లో ఒకామె ఫోన్లో, "దోహాలో విమానం మారాలె. అక్కడ ఎటు చూసినా ఎస్కలేటర్లే, జెర పైలం," అన్నది. నాకు చెమటలు పట్టాయి. ఎన్ని కాన్పులు చూశానో, ఎంత రక్తం చూశానో, ఎప్పుడూ చెయ్యి వణకలేదు. కదిలే మెట్ల మీద మాత్రం కాలు పెట్టలేను. ఎక్కడికి వెళ్ళినా మామూలు మెట్లు వెతుక్కుంటాను.

ఆ సంగతి వదినకు చెప్పాను. "నే ముందే చెప్పిన," అంటుందనుకున్నాను.

"గదొక పరేషానా? మెట్రో స్టేషన్ల ఉన్నయి గద. నడువు, నేర్చుకుందాం," అని చెప్పులేసుకుంది.

పరేడ్ గ్రౌండ్స్ స్టేషన్ దగ్గర దిగాం. ఎస్కలేటర్ ముందు ఇద్దరం కాసేపు నిలబడ్డాం. జనం మా పక్కనుంచి తప్పుకుని వెళ్తున్నారు. వదిన కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని, కళ్ళు మూసుకుని ఏదో దేవుణ్ణి తలుచుకుని, ఒక్క అడుగు వేసింది. చూస్తుండగానే పైకి వెళ్ళిపోయింది. పైనుంచి స్టేషనంతా వినబడేట్టు, "ఓ నర్సమ్మా, ఎక్కవేందే!" అని కేకేసింది.

"కాళ్ళ దిక్కు చూడకు అమ్మా, ముందుకు చూడు," అంది సెక్యూరిటీ ఆమె. ముందుకు చూశాను. వదిన రెండు చేతులూ చాచి నిలబడి ఉంది. ఎక్కేశాను. పైకి చేరగానే నా రెక్క పట్టుకుని లాగేసింది.

దిగేటప్పుడు ఇంకా భయమేసింది. అయినా మూడోసారికి పక్కనున్న రెయిలింగ్ పట్టుకోవడం మరిచిపోయాను. ఏడుసార్లు ఎక్కి దిగాక, "ఇంతకీ మీరు రైలెక్కుతరా లేదా?" అని సెక్యూరిటీ ఆమె నవ్వింది. నేను ఇంటికి పోదామంటే వదిన వినలేదు. "ఇంకొక్కసారి," అంది.

ప్రయాణం దగ్గర పడ్డాక దోస్తులిద్దరూ నా కోసం కొట్లాటకు దిగారు. ముందు మా ఇంటికంటే మా ఇంటికని. చివరికి నేనే తీర్పు చెప్పాను: వారం వారం మారుతాను, మొదటి రాత్రి మాత్రం ముగ్గురం ఒకే గదిలో, కింద పరుపులేసుకుని. ఇద్దరూ వెంటనే ఒప్పుకున్నారు.

బయల్దేరిన రోజు మధ్యాహ్నం చీర మీద కొత్త బూట్లు వేసుకుని కారెక్కాను. గేటు దగ్గర వదిన పెట్టెల్ని మళ్ళీ ఒకసారి లెక్కపెట్టి, "పో, నవ్వుకుంట పోయిరా," అంది. నవ్వుకుంటూనే వెళ్ళాను. కారు కదిలిన కాసేపటికే ఫోన్ మోగింది.

"ఎక్కడిదాంక వచ్చినవ్?" ఇద్దరూ ఒకేసారి.

"తిరుమలగిరి చౌరస్తా," అన్నాను.

"అయితే వచ్చేసినట్టే," అంది ఒకామె.