ఎర్తింగు సారు, మా కంప్యూటరు

ఆ గదిలో ఏమేం ఉండేవో ఇప్పటికీ కళ్లు మూసుకుని వరుసగా చెప్పగలను. రోడ్డు వైపు గోడకు ఆనించి తొమ్మిది ఇంగ్లిషు టైపు మిషన్లు, ఒక తెలుగు టైపు మిషను (దాని మీద ‘ఖ’ కొడితే రెండు పడేవి). వాటి ముందు బల్లలు, బల్లల కింద నలిగిన కాగితాలు. వెనకవైపు ప్లైవుడ్డుతో అడ్డు కట్టిన చిన్న గది, దానికి ఆకుపచ్చ తెర, తెర బయట చెప్పుల కుప్ప. లోపల ఒక కూలరు, ఒక స్టెబిలైజరు, వెల్వెట్ గుడ్డ కప్పిన ఒక కంప్యూటరు. ఇక మనుషుల సంగతికొస్తే మా మామ, నేను, పదకొండు మంది విద్యార్థులు. ఆ రోజుల్లో కంప్యూటరు దగ్గరికి చెప్పులతో వెళ్లడమంటే తప్పు చేసినట్టే. ఎందుకని ఎవరూ అడగలేదు. డిప్లమా చదివిన నేను కూడా అడగలేదు, బుద్ధిగా విప్పేవాణ్ణి.

ఇదంతా తొంభైల మొదట్లో, గోదావరిఖనిలో. మామ అంటే మా అమ్మ తమ్ముడు. ఊరందరికీ ‘టైపు సారు’. ఊళ్లో సగం మంది గనిలోకి దిగి బతుకుతుంటే, మిగతా సగానికి టైపు నేర్పి బతికినవాడు. ఒకసారి హైదరాబాదు పోయి ఏదో ఆఫీసులో కంప్యూటరు చూసి వచ్చి, ఇక టైపు మిషన్ల పని అయిపోయిందని తీర్మానించాడు. నేను అప్పుడే కరీంనగర్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లమా ముగించుకుని, ఇంట్లో చెడిపోయిన రేడియోలన్నీ విప్పి, అందులో కొన్నిటిని మళ్లీ బిగించి కూర్చున్నాను. మామ వచ్చి, “అల్లుడా, నువ్వు కరెంటు సదువు సదివినవ్ గద. గా కంప్యూటరు గూడ కరెంటుతోటే నడుస్తది. నువ్వే చెప్పాలె పాఠం” అన్నాడు. నా మొదటి ఉద్యోగం అలా మొదలైంది. ఇంటర్వ్యూ అంతే.

మొదటి బ్యాచిలో చేరినవాళ్లంతా గని కార్మికుల పిల్లలే. కోర్సు చివర పరీక్షల బోర్డు నుంచి ఒకాయన మా సెంటరుకే వచ్చి, మా కంప్యూటరు మీదనే ప్రాక్టికల్ పెడతాడు. పాసైతే సర్టిఫికెట్. ఆఫీసుల్లో కంప్యూటర్లు పెడుతున్నారని ఊళ్లో గట్టి వార్త ఉండేది కాబట్టి ఆ కాగితం మీద అందరికీ ఆశ. మొదటి బెంచీలో కూర్చునే అమ్మాయి ఒకతె ఉండేది. నోరు పెద్దది, వేళ్లు ఇంకా వేగం. ఆ అమ్మాయి ఒకసారి అన్నది: “సార్, మా బాపు కిందికి దిగిండు, మా అన్న కిందికి దిగిండు. నాకు మీదనే కుర్చీల కూసొని చేసే పని కావాలె. మీరు జర మంచిగ చెప్పుండ్రి.” ఆ రోజు నుంచి నేను రాత్రి చదువుకుని పొద్దున పాఠం చెప్పేవాణ్ణి. మామకు సెంటరు గుర్తింపు, నాకు ఉద్యోగం, పిల్లలకు కుర్చీ. ఇవన్నీ ఆ ఒక్క కంప్యూటరు నడవడం మీదే ఆధారపడ్డాయి.

అది పొద్దున నడిచేది. పన్నెండింటికీ నడిచేది. మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతంలో ఉన్నట్టుండి కొయ్యబారిపోయేది. ఆపి మళ్లీ పెడితే, హార్డ్ డిస్కు కనబడటం లేదని తెర మీద ఇంగ్లిషులో చెప్పేది. కనబడక ఎక్కడికి పోతుంది, పెట్టెలోనే కదా ఉంది! మామ తన పాత రేడియో అనుభవంతో వచ్చి పెట్టె పక్కన అరచేత్తో ఒక్కటి వేసేవాడు. ఒక్కోసారి అది లేచేది కూడా. నేను మాత్రం కళ్లు మూసుకునేవాణ్ణి. డిప్లమా సిలబస్‌లో ఆ పద్ధతి లేదు.

కంప్యూటరు అమ్మిన హైదరాబాదు కంపెనీలో ఒక కుర్ర ఇంజినీరు ఉండేవాడు. దాన్ని బిగించడానికి ఆయనే పొద్దున బస్సుకు వచ్చి, మధ్యాహ్నం బస్సుకు వెళ్లిపోయాడు. తర్వాత ఆయన మాకు గొంతు రూపంలోనే దొరికేవాడు. ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూతు నుంచి ఫోన్ చేసి, నేను లక్షణాలన్నీ నంబర్లు వేసి చెప్పేవాణ్ణి. “ఒకటి, తెర ఆగిపోతుంది. రెండు, కీబోర్డు పలకదు. మూడు, తిరిగి పెడితే డిస్కు దొరకదు.” ఆయన అంతా ఓపిగ్గా విని, “ఎర్తింగ్ చూపించారా అండీ?” అనేవాడు. కీబోర్డులో ఒక మీట ఇరుక్కుందని చెప్పినా ఎర్తింగే. ప్రింటరులో కాగితం చిరిగినా ఎర్తింగే. పిల్లలు ఆయనకు ‘ఎర్తింగు సారు’ అని పేరు పెట్టేశారు.

ఒకరోజు ఆయన ఉత్సాహం వచ్చి, “నేను లైన్లో ఉంటాను, మీరు ఆఫ్ చేసి ఆన్ చేసి, ఏం కనిపిస్తుందో చెప్పండి” అన్నాడు. ఫోను రోడ్డుకు ఇటు, కంప్యూటరు అటు. విద్యార్థులను వరుసగా నిలబెట్టాను. ఒకరు కంప్యూటరు దగ్గర, ఒకరు గుమ్మంలో, ఒకరు రోడ్డు మధ్య, ఒకరు బూతు మెట్టు మీద. “ఆన్ చేసినం సార్!” అని కేక వచ్చేది. “ఏం కనవడ్తుంది?” “నల్లగ ఉన్నది సార్!” “ఇంకా?” అంతలో బొగ్గు లారీ వచ్చేది, రోడ్డు మధ్యలో ఉన్నవాడు పక్కకు దూకేవాడు, సమాచారం తెగిపోయేది. లారీ పోయాక ఎర్తింగు సారు, “ఆ టైముకు మీ దగ్గర ఇంకేమైనా జరుగుతుందా అండీ? పక్కన రైస్ మిల్లు గానీ, వెల్డింగ్ షాపు గానీ?” అని అడిగాడు. నేను బూతు అద్దంలోంచి వీధి అటు చివర నుంచి ఇటు చివర దాకా చూశాను. కిరాణా దుకాణం, టైలరు, పాన్ డబ్బా. పాన్ డబ్బా అతను నిద్రపోతున్నాడు. “ఏం జరగదు సార్. మా దగ్గర అంతా శాంతంగ ఉంటది” అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

“అయితే ఎర్తింగేనండీ.”

సరే, అదీ చూద్దామనుకున్నాం. ఎలక్ట్రీషియన్ వచ్చి, దారి తప్పిన కరెంటు భూమిలోకి దిగడానికి పెరట్లో గుంత తవ్వాలని, రాగి పలక దింపి చుట్టూ ఉప్పు, కట్టెబొగ్గు పొరలు పొరలుగా వేయాలని చెప్పాడు. మామ మొహం మాడ్చుకున్నాడు. “బొగ్గు గనుల మీద కూసొని కట్టెబొగ్గు కొంటమా? నలుగురు వింటె నవ్వరా?” అని, ఎవరినో అడిగి గనిలో తవ్విన నల్లటి, నిగనిగలాడే బొగ్గు తెప్పించాడు. నేను నా చదువంతా ఉపయోగించి చెప్పాను. “మామా, కట్టెబొగ్గు వేరు, ఇది వేరు. దీంట్ల నుంచి కరెంటు సరిగ పోదు.” మామ నా వైపు జాలిగా చూశాడు. “గీ బొగ్గుతోటి దేశానికే కరెంటు పుడ్తుందిరా. పుట్టిన దాంట్లకెళ్లి పోదంటవ్?” నేను పార అందుకున్నాను. (ఇప్పటికీ సరైన జవాబు దొరకలేదు.) గుంత నిండింది. రోజుకొకరు వంతున పిల్లలు దానికి బిందెడు నీళ్లు పోసేవాళ్లు. పక్కింటి ముసలమ్మ గోడ మీది నుంచి తొంగి చూసి, “ఏం ఏసిండ్రు బిడ్డా, మొలుస్తలేదు?” అని అడిగింది. మొదటి బెంచీ అమ్మాయి, “కరెంటు ఏసినం అవ్వా. జర టైం పడ్తది” అన్నది.

మూడు గంటలకు కంప్యూటరు మళ్లీ ఆగింది.

అప్పుడు నేను నా సొంత సిద్ధాంతం తయారు చేశాను. గనిలో మొదటి షిఫ్టు ముగిసేది ఆ వేళకే. కార్మికులు ఇళ్లకు చేరి కూలర్లు వేస్తారు, వోల్టేజి పడిపోతుంది, కంప్యూటరు ఆగుతుంది. మీటరు పెట్టి చూస్తే వోల్టేజి నిజంగానే పడింది! ఆ సాయంత్రం నేను ఎంత గర్వంగా తిరిగానో చెప్పలేను. పాత స్టెబిలైజరు తీసి, ఇద్దరు మోస్తే గానీ లేవని కొత్తది తెచ్చాం. ఇప్పుడు వోల్టేజి గీత గీసినట్టు నిలబడింది. మూడు గంటలకు కంప్యూటరు ఆగింది.

పరీక్ష దగ్గరికొచ్చింది. ఒకే కంప్యూటరు, పదకొండు మంది. ఒకరి తర్వాత ఒకరు రాయాలంటే మధ్యాహ్నం మూడు గంటలను తప్పించుకునే దారి లేదు. పిల్లలు నాతో మాట్లాడటం తగ్గించారు. చివరికి మామ తనే ఫోను పట్టుకున్నాడు. “సారూ, మీరు వస్త అనేదాక నేను గీ ఫోను పెట్టెయ్య. ఎనక లైన్ల నలుగురున్నరు, వాళ్లు తిట్టేది గూడ మీకే ఇనవడ్తది” అన్నాడు. వెనక ఉన్నవాళ్లు నిజంగానే సాయం చేశారు.

ఎర్తింగు సారు మరుసటి రోజు పొద్దున బస్సుకు దిగాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో నల్ల బ్యాగు. కంప్యూటరు వైపు చూడకుండా నేరుగా పెరట్లోకి నడిచాడు. గుంత పైపొర తీసి చూసి, “ఇదేంటండీ?” అన్నాడు. “బొగ్గు. ఏ వన్ సరుకు” అన్నాడు మామ. ఆయన మొహం వెలిగిపోయింది. ఇన్ని నెలల ఫోన్లకు ఫలితం దొరికింది. “రాయి బొగ్గా! అందుకేనండీ! ఇది మార్పించండి, అంతా సర్దుకుంటుంది” అంటూ మధ్యాహ్నం బస్సుకు బయలుదేరబోయాడు. మొదటి బెంచీ అమ్మాయి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. “సార్, అది ఆగేది మూడింటికి. మీరు పన్నెండింటికే పోతె దాన్ని ఎవరు జూస్తరు?”

ఆయన గడియారం చూసుకున్నాడు. మామ ఆయన బ్యాగు చేతిలోంచి తీసుకున్నాడు. “అన్నం తినకుంట పోతె మా ఇంటి ఇజ్జత్ పోతది సారూ.” మా వైపు చుట్టాన్ని ఆపాలంటే ఇంతకంటే పెద్ద తాళం లేదు. అత్త నాటుకోడి వండింది, వండటానికి కావాల్సినంత సేపు తీసుకుంది. ఆయన చెయ్యి కడుక్కునేసరికి బస్సు పోయింది.

మూడు కావస్తుండగా అందరికీ చాయ వచ్చింది. ఎర్తింగు సారు కంప్యూటరు ముందు కూర్చున్నాడు. పక్కన నేను, మామ, వెనక కొందరు పిల్లలు. బయట మిగతావాళ్ల టైపు మిషన్లు టకటకలాడుతున్నాయి. ఆయన తల ఎత్తి, “ఏదో సైరన్ మోగుతోంది కదండీ?” అన్నాడు. మాకేం వినబడలేదు. అంతలో నేల ఒక్కసారి కింది నుంచి కదిలింది. కిటికీ అద్దాలు గడగడలాడాయి. ఆ వెంటనే చప్పుడు. ఎర్తింగు సారు కుర్చీలో లేడు. “భూకంపం! బయటికి పదండి!” అని బల్ల కింది నుంచి అరుస్తున్నాడు. బయట టైపు మిషన్లు ఆగలేదు. మామ కిందికి వంగి, “సారూ, చాయ చల్లారుతుంది” అన్నాడు.

“ఏంటండీ అది?”

“ఏది?” అన్నాను నేను.

“ఇప్పుడు... అది!”

“ఓ, గదా! ఓపెన్‌కాస్టు గనిల బ్లాస్టింగు సార్, బొగ్గు మీది బండలు పేలుస్తరు. రోజు ఉండేదే.”

ఆయన మెల్లగా బయటికి వచ్చి, చొక్కా దులుపుకుని, మా అందరి వైపు చూశాడు. అప్పుడే నేనూ చూశాను. గదిలో ప్రతి ఒక్కరూ చాయ గ్లాసును బల్ల మీద పెట్టకుండా గాల్లోకి ఎత్తి పట్టుకుని ఉన్నారు. నేను కూడా. ఒక్క చుక్క ఒలకలేదు. ఎవరూ నేర్పలేదు, ఎప్పుడు ఎత్తామో తెలియదు. బల్ల మీద పెట్టి ఉన్నది ఆయన గ్లాసు ఒక్కటే, అది పడిపోయింది. కంప్యూటరు తెర కొయ్యబారి ఉంది.

“ఫోన్లో ఎన్నిసార్లు అడిగాను? ఏమైనా జరుగుతుందా అని!” అన్నాడాయన.

“జరుగలేదు గద సార్” అన్నది మొదటి బెంచీ అమ్మాయి. “ఇది రోజు ఉంటది.”

పెట్టె విప్పాం. హార్డ్ డిస్కు తీగ వచ్చి కలిసే కార్డు తన గాడిలోంచి ఒక పక్క లేచి ఉంది. దాన్ని పట్టి ఉంచాల్సిన చోట స్క్రూ లేదు. రోజూ నేల కదిలినప్పుడల్లా అది కాస్త కాస్త లేస్తోంది, మామ కొట్టినప్పుడు ఒక్కోసారి కూర్చుంటోంది. స్క్రూ ఎవరు వదిలేశారని ఎవరూ అడగలేదు. బిగించింది ఎవరో అందరికీ తెలుసు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. పెట్టె మూతకున్న స్క్రూల్లోంచి ఒకటి తీసి కార్డుకు బిగించాను. ఆయన పెట్టె మూత మూస్తూ, “అయినా ఆ ఎర్తింగ్ కూడా ఒకసారి...” అని, మామ మొహం చూసి ఆగిపోయాడు. ఆ సాయంత్రం ఆయన్ను బస్సెక్కించడానికి పదకొండు మందీ వచ్చారు.

పరీక్ష రోజు మూడు గంటలకు తెర ముందు ఉన్నది మొదటి బెంచీ అమ్మాయే. నేల కదిలింది. బోర్డు నుంచి వచ్చిన పెద్దమనిషి గోడ పట్టుకున్నాడు. నేను తెరను పట్టుకోబోయి ఆగాను. అక్షరాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆ అమ్మాయి వేళ్లు ఒక్క క్షణం కూడా ఆగలేదు.

నేను ఆ ఊరు విడిచి చాలా కాలమైంది. ఇప్పుడు చుట్టపుచూపుగా వెళ్లినప్పుడు, అక్కడ మధ్యాహ్నం పూట ఆ చప్పుడు వస్తే ఉలిక్కిపడతాను. చేతిలో చాయ ఒలుకుతుంది. పక్కనున్న పిల్లలు నవ్వుతారు. నాకు కాస్త సిగ్గేస్తుంది, తర్వాత నేనూ నవ్వేస్తాను. అంత పెద్ద చప్పుడును అన్నేళ్లు వినకుండా, ‘శాంతంగ ఉంటది’ అని చెప్పిన, నాలోని ఆ కుర్రాడి చెవులు ఇప్పుడు నా దగ్గర లేవు.

ఆ ఏడు పరీక్ష రాసినవాళ్లు పదకొండు మంది. పాసైనవాళ్లు తొమ్మిది మంది, అందులో మొదటి బెంచీ అమ్మాయి ఒకతె.